రాజమహేంద్రి చిత్రకారుడు దామెర్ల రామారావు

అరకులోయను చుట్టి నిలిచిన తూర్పు కనుమలు నైరుతి దిశగా సాగిపోయి, పాపికొండల వద్ద రెండుగా చీలి గోదావరికి దారి విడుస్తాయి. ఇరువైపులా నిటారుగా లేచిన కొండల నడుమ ఇరుకైన మార్గంలో ప్రవహించిన గోదావరి, ఆ కనుమలను దాటగానే ఒక్కసారిగా విశాలమై, మైదానంలో అడుగుపెడుతుంది. ఆ మైదానపు ముఖద్వారంలో, నదికి ఎడమ గట్టున వెలసిన ప్రాచీన నగరం రాజమహేంద్రవరం. ఎగువన కొండరెడ్లు, కోయలు నివసించే అడవులు. దిగువన పచ్చని వరిపొలాలు, కొబ్బరి తోటలు. కొండకూ మైదానానికీ సంధిస్థలమైన ఆ నగరంలో పుట్టి, ఆ నది సౌందర్యాన్ని కన్నులారా చూస్తూ పెరిగి, తెలుగువారి చిత్రకళకు దేశ విదేశాల ప్రదర్శనశాలలలో స్థానం సంపాదించిన కళాకారుడు దామెర్ల రామారావు. ఆయన జీవించినది ఇరవై ఎనిమిది సంవత్సరాలు కూడా నిండని స్వల్పకాలం. ఆ స్వల్పకాలంలోనే ఆయన ఆంధ్ర చిత్రకళా చరిత్రలో ఒక అధ్యాయానికి ఆద్యుడయ్యాడు.

తెలుగునేలపై చిత్రరచన కొత్తగా పుట్టినది కాదు. తూర్పు కనుమలలోని సవరలు తమ ఇండ్ల గోడలపై దేవతలను, పూర్వీకులను, మానులను, మృగాలను తరతరాలుగా చిత్రిస్తూ వచ్చారు. లేపాక్షి దేవాలయపు పైకప్పుమీద విజయనగర కాలపు వర్ణచిత్రాలు నేటికీ చూపరులను ఆకర్షిస్తున్నాయి. మచిలీపట్నం పరిసరాలలోని కలంకారీ అద్దకపు వస్త్రాలు సముద్రాలు దాటి పారసీక దేశానికీ, ఐరోపాకూ ఎగుమతి అయినాయి. అయితే ఈ కళాఖండాలను సృజించిన వారి పేర్లు దాదాపుగా ఎవరికీ తెలియవు. చిత్రం మిగిలింది, చిత్రకారుడు మరుగున పడిపోయాడు. చిత్రం అడుగున తన పేరు వ్రాసుకొని, దానిని ప్రదర్శనకు పంపి, పరీక్షకుల నిర్ణయానికి నిలబడి గుర్తింపు పొందే ఆధునిక కళాకారుడు తెలుగునాట అవతరించడానికి ఇరవయ్యవ శతాబ్దం రావలసి వచ్చింది. ఆ తొలితరం కళాకారులలో అగ్రగణ్యుడు రామారావు.

రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించాడు. అదే సంవత్సరంలో ఆ నగరం వద్ద గోదావరిపై హేవలాక్ రైలు వంతెన నిర్మాణం ప్రారంభమైంది. 1900లో ఆ వంతెనమీదుగా రైళ్లు నడవసాగాయి. అంతవరకు నదిని పడవలపై దాటవలసి వచ్చిన ప్రయాణికులు మద్రాసు నుండి కలకత్తా వరకు రైలులోనే పోగలిగారు. తరువాతి కాలంలో ఒక యువచిత్రకారుని కీర్తి కలకత్తా వరకు వ్యాపించడానికి కావలసిన మార్గాన్ని కాలం ముందుగానే సిద్ధం చేసిందనిపిస్తుంది. నన్నయ భట్టారకుడు భారతాంధ్రీకరణకు శ్రీకారం చుట్టిన నగరం అది. కందుకూరి వీరేశలింగం పంతులు సంఘసంస్కరణ దీపాన్ని వెలిగించిన నగరం అది. సాహిత్యంలోనూ, సంస్కరణలోనూ పేరుపొందిన ఆ నగరంలో చిత్రకళకు మాత్రం ఆనాటికి చెప్పుకోదగిన ఆదరణ లేదు. చిత్రలేఖనం జీవనోపాధికి పనికివచ్చే విద్యగా ఎవరూ భావించేవారు కారు.

దేశమంతటా కూడా అది చిత్రకళకు సంధియుగం. కేరళకు చెందిన రాజా రవివర్మ పాశ్చాత్యుల తైలవర్ణ పద్ధతిలో పురాణగాథలను చిత్రించి, 1894లో అచ్చు యంత్రాన్ని నెలకొల్పి, వాటి ప్రతులను సామాన్యుల ఇండ్లలోని గోడలకు చేర్చాడు. వంగదేశంలో అవనీంద్రనాథ ఠాకూరు ఈ పద్ధతిని తిరస్కరించి, మొగలు సూక్ష్మచిత్రాల నుండీ జపాను చిత్రకారుల నుండీ ప్రేరణ పొంది, నీటిరంగులను పొరలు పొరలుగా పరచి కడిగే కొత్త విధానాన్ని రూపొందించాడు. లేడీ హెరింగ్‌హామ్ అనే ఆంగ్ల వనిత 1909 నుండి 1911 వరకు అజంతా గుహలలోని చిత్రాలకు ప్రతులు వ్రాయించగా, అవి 1915లో ప్రచురింపబడి లోకాన్ని ఆశ్చర్యచకితం చేశాయి. పాశ్చాత్య విధానమా, ప్రాచ్య విధానమా అనే ప్రశ్న ప్రతి యువచిత్రకారుని ముందూ నిలిచిన కాలమది. ఈ ప్రశ్నకు రామారావు తనదైన సమాధానం వెదికాడు.

ఆయనకు చిన్ననాటి నుండి చిత్రలేఖనంపై మక్కువ మెండు. ఆ మక్కువను గుర్తించి సక్రమమైన దారిలో నడిపినవాడు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. ఈ ఆంగ్లేయుడు 1909 నుండి 1919 వరకు రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడు. ఆయన స్వయంగా కవి, చిత్రకారుడు. పాలకజాతికి చెందినవాడైనప్పటికీ శిష్యులతో అరమరికలు లేకుండా మెలగినవాడు. గోదావరి తీరాన్నీ, పల్లెలనూ, గుడి గోపురాలనూ చిత్రించడంలో ఆనందం పొందినవాడు. దక్షిణ భారత జీవితాన్ని గురించి ఆయన వ్రాసిన గ్రంథం 1924లో వెలువడింది. కూల్డ్రే ప్రోత్సాహంతో వికసించిన వారిలో రామారావుతోపాటు, తరువాతి కాలంలో నవలాకారుడుగా, చిత్రకారుడుగా ప్రసిద్ధికెక్కిన అడవి బాపిరాజు, కవి కవికొండల వెంకటరావు ఉన్నారు. ఒకే గురువు వద్ద ఇందరు సృజనశీలురు రూపొందడం విశేషం. శిష్యునిలోని ప్రతిభను కనిపెట్టడమే కాక, దానికి తగిన స్థానమేదో తెలుసుకొని అక్కడికి చేర్చడం ఉత్తమ గురువు లక్షణం. రామారావు విషయంలో కూల్డ్రే చేసినది అదే.

కూల్డ్రే ప్రోద్బలంతో రామారావు 1916లో బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. 1857లో ప్రారంభమైన ఆ విద్యాలయం దేశంలోని ప్రముఖ చిత్రకళా కేంద్రాలలో ఒకటి. అప్పటి ప్రధానాచార్యుడు సెసిల్ బర్న్స్ రామారావు వెంట తెచ్చుకొన్న చిత్రాలను పరిశీలించి, ఆయన నైపుణ్యానికి ముగ్ధుడై, ప్రారంభ తరగతులతో పని లేకుండా నేరుగా మూడవ సంవత్సరపు తరగతిలో చేర్చుకొన్నాడు. గోదావరి గట్టున కూర్చొని గీసిన బొమ్మలే ఆ యువకునికి ప్రవేశార్హత పత్రాలైనాయి. అక్కడి శిక్షణలో రేఖాజ్ఞానానికి, శరీర నిర్మాణ పరిజ్ఞానానికి, వెలుగునీడల పరిశీలనకు ప్రాధాన్యం ఎక్కువ. సజీవులైన మనుషులను ఎదుట నిలుపుకొని, ఎముకల అమరికనూ కండరాల కదలికనూ గమనిస్తూ గంటల తరబడి గీయవలసి ఉండేది. ఈ కఠోర సాధన రామారావు రేఖకు తిరుగులేని పట్టును ఇచ్చింది. 1920 నాటికి ఆయన తన చదువును జయప్రదంగా ముగించాడు.

బొంబాయిలో గడిపిన కాలంలో ఆయనకు పశ్చిమ భారతానికి చెందిన యువచిత్రకారులతో స్నేహం కలిగింది. గుజరాతు ప్రాంతంలో పర్యటించి, అక్కడి ప్రజల వేషభాషలనూ, స్త్రీల రంగురంగుల వస్త్రధారణనూ శ్రద్ధగా పరిశీలించి చిత్రించాడు. ఎక్కడికి వెళ్లినా చేతిలో చిత్తుప్రతుల పుస్తకం ఉండవలసిందే. సంతలో కూర్చొన్న ముసలిది, నీళ్లు మోసుకొని పోయే పడుచు, చెట్టు క్రింద విశ్రమించిన బాటసారి, ఇలా కంటికి ఇంపైన ప్రతి భంగిమా ఆయన రేఖలలోకి ఒదిగిపోయేది. పెద్ద చిత్రాలకు ఇవే పునాదులైనాయి.

ఈ దశలో రామారావు ముందు రెండు మార్గాలున్నాయి. బొంబాయి వంటి మహానగరంలో స్థిరపడి, సంపన్నుల రూపచిత్రాలు వ్రాసి ధనం గడించడం ఒక మార్గం. చిత్రకళ అంటే గౌరవం అంతగా లేని స్వస్థలానికి తిరిగి వచ్చి, అక్కడ దానికి గౌరవం కల్పించడానికి శ్రమించడం మరొక మార్గం. రామారావు రెండవ మార్గాన్ని ఎన్నుకొన్నాడు. పేరు తెచ్చే నగరాన్ని వదలి, తాను పేరు తేగల ఊరికి చేరుకొన్నాడు. ఆయన జీవితంలోని ప్రధాన ఘట్టం ఇదే. తరువాత లభించిన బహుమతులకు అర్థం చేకూర్చినది కూడా ఈ నిర్ణయమే.

రాజమహేంద్రవరం చేరిన తరువాత ఆయన కుంచె విశ్రాంతి ఎరుగదు. గోదావరి రేవులు, కొండల నీలిఛాయలు, పుణ్యస్త్రీల పూజలు, కార్తికమాసపు దీపాలు, పురాణ కథలు, పరిచితుల రూపాలు ఆయనకు వస్తువులైనాయి. కార్తిక పౌర్ణమి, పుష్పాలంకారం, నంది పూజ మొదలైన చిత్రాలు తెలుగువారి గృహజీవితాన్నీ, ఆచారాలనూ, స్త్రీల సహజ సౌందర్యాన్నీ ప్రతిబింబిస్తాయి. కొందరు చిత్రకారులకు సౌందర్యం రాణివాసాలలో, ఆభరణాల మెరుపులో కనిపిస్తుంది. రామారావుకు అది జడలో పూలు తురుముకొనే స్త్రీలో, దీపం పట్టుకొని రేవుకు నడిచే ఇల్లాలిలో కనిపించింది.

ఆయన శైలిలోని ప్రత్యేకతను గూర్చి కొంత తెలుసుకోవాలి. బొంబాయిలో అభ్యసించిన పాశ్చాత్య పద్ధతి ఆయనకు శరీరాకృతిలో తప్పు దొర్లని రేఖను ప్రసాదించింది. అజంతా చిత్రాల నుండి ఆయన వంపులు తిరిగే రేఖాలాలిత్యాన్నీ, అనేక పాత్రలను ఒకే చిత్రంలో గుంపులుగా అమర్చే నేర్పునూ గ్రహించాడు. వంగ చిత్రకారుల వలె నీటిరంగులలో మృదుత్వం సాధించినా, వారి చిత్రాలలో తరచుగా కనిపించే మసక మంచుతెరను ఆయన స్వీకరించలేదు. ఆయన చిత్రాలలో వెలుగు స్వచ్ఛంగా ఉంటుంది. పాత్రలు స్పష్టంగా నిలబడతాయి. పాశ్చాత్య విధానమా, ప్రాచ్య విధానమా అని నాడు సాగిన వాదంలో ఆయన ఒక పక్షాన చేరలేదు. రెండింటిలోని మేలును గ్రహించి, తెలుగునేల వెలుతురులో తడిపి, తనదైన శైలిని తీర్చిదిద్దుకొన్నాడు. 1920లలో మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ వంగశైలిని బోధిస్తూ ఉండగా, రాజమహేంద్రవరంలో రామారావు ఇందుకు భిన్నమైన మరొక మార్గానికి రూపకల్పన చేశాడు. ఆంధ్ర చిత్రకళకు ఈ రెండు నగరాలూ రెండు కన్నుల వంటివైనాయి.

ఒక చిత్రకారుడు లోకానికి తెలియాలంటే ఆ రోజులలో ప్రదర్శనలే ప్రధాన మార్గం. కలకత్తా, బొంబాయి, మద్రాసు వంటి నగరాలలో కళాసంఘాలు ఏటేటా ప్రదర్శనలు నిర్వహించేవి. దేశం నలుమూలల నుండి వచ్చిన చిత్రాలను పరీక్షకులు చూసి, యోగ్యమైన వాటిని మాత్రమే ఎంపిక చేసేవారు. ఎంపికైన చిత్రం గోడకెక్కేది. ఎంపిక కానిది వచ్చిన దారినే తిరిగి వెళ్లేది. అక్కడికి రాజప్రతినిధులు, సంస్థానాధీశులు, ధనికులు వచ్చి నచ్చిన చిత్రాలను కొనేవారు. ఆ ధనం కళాకారునికి ఆధారం. బహుమతి ఆయనకు ప్రతిష్ఠ. జిల్లాలోని ఒక పట్టణం నుండి చెక్కపెట్టెలో భద్రంగా సర్దిన చిత్రాన్ని రైలులో పంపి, ఎంపిక అయిందా లేదా అని ఉత్తరం కోసం ఎదురుచూడడం ఆనాటి చిత్రకారునికి ఒక పరీక్ష. పెద్ద నగరాలలో పలుకుబడి లేనివానికి చిత్రమే సిఫారసు.

అటువంటి పరీక్షకు నిలిచిన చిత్రం ఋష్యశృంగ బంధనం. రామాయణ బాలకాండలోని కథ దీనికి ఆధారం. విభాండక మహర్షి కుమారుడైన ఋష్యశృంగుడు అడవిలో తండ్రిని తప్ప మరొక మానవుని ఎరుగక పెరిగినవాడు. అంగరాజ్యంలో వానలు లేక కరవు ఏర్పడినప్పుడు, ఆ ముని అడుగుపెడితే వాన కురుస్తుందని పెద్దలు చెప్పగా, రోమపాద మహారాజు అతనిని రప్పించడానికి వారకాంతలను అడవికి పంపుతాడు. స్త్రీ అంటే ఏమో తెలియని ఆ మునికుమారుడు వారి మాటలకూ, పాటలకూ, మధుర పదార్థాలకూ వశుడై వారి వెంట వస్తాడు. అతడు రాగానే అంగరాజ్యంలో వాన కురుస్తుంది. అమాయకత్వానికీ ఆకర్షణకూ నడుమ జరిగే సంఘర్షణ ఈ కథకు ప్రాణం. దానిని చిత్రంలో చూపడం సులభం కాదు. రవ్వంత హద్దు మీరితే శృంగారం అసభ్యమవుతుంది. రవ్వంత వెనుకాడితే కథ జీవం కోల్పోతుంది. ఆ సన్నని అంచుపై రామారావు కుంచె నడిచింది.

కలకత్తాలో జరిగిన కళాప్రదర్శనలో ఈ చిత్రానికి వైస్రాయి బహుమతి లభించింది. 1921 నుండి 1926 వరకు భారతదేశంలో రాజప్రతినిధిగా ఉన్న లార్డ్ రీడింగ్ కాలం అది. వంగ చిత్రకళకు పుట్టినిల్లయిన కలకత్తాలో, ఒక తెలుగు యువకుని చిత్రానికి అంతటి సత్కారం జరగడం విశేషమే. దానితో రామారావు పేరు దేశమంతటా వినిపించింది. దక్షిణాన తెలుగునేలపై కూడా ఒక చిత్రకారుడున్నాడని ఉత్తరాది కళాలోకం గుర్తించింది. ఆ రోజులలో దేశంలో సహాయ నిరాకరణోద్యమం ముమ్మరంగా సాగుతున్నది. విదేశీ వస్త్రాలను దహిస్తున్నారు. ప్రభుత్వ విద్యాలయాలను విడిచిపెడుతున్నారు. అటువంటి కాలంలో రాజప్రతినిధి పేరిట వచ్చిన బహుమతిని పొందిన చిత్రంలో ఉన్నది మాత్రం భారతీయుల పురాణగాథ, భారతీయుల రేఖాసంప్రదాయం. పాలకుల సభలో నిలబడి కూడా అది తన భాషలోనే మాట్లాడింది.

రామారావు చిత్రాలలో మరొక ప్రసిద్ధమైనది సిద్ధార్థ రాగోదయం. సంసారంపై కుమారునికి ఆసక్తి కలిగించాలని శుద్ధోదన మహారాజు కన్యలందరినీ రప్పించి, వారికి కానుకలు పంచవలసిందిగా సిద్ధార్థుని ఆజ్ఞాపించాడని బౌద్ధగాథ. కన్యలు ఒక్కొక్కరుగా వచ్చి, రాకుమారుని కన్నెత్తి చూడలేక కానుక పుచ్చుకొని వెళ్లిపోతారు. చివరకు యశోధర వచ్చేసరికి కానుకలు అయిపోతాయి. అప్పుడు సిద్ధార్థుడు తాను ధరించిన ఆభరణాన్నే ఆమెకు ఇస్తాడు. వైరాగ్యమూర్తిగా లోకం కొలిచే మహనీయుని హృదయంలో అనురాగం ఉదయించిన ఘడియ అది. గౌతమ బుద్ధుని త్యాగాన్ని చిత్రించినవారు అనేకులు. ఆ త్యాగానికి ముందు ఆయన త్యజించవలసి వచ్చినది ఏమిటో గుర్తుచేయదలచిన చిత్రకారులు అరుదు. అనురాగం తెలిసినవాని త్యాగమే గొప్పదనే భావన ఈ వస్తువును ఎన్నుకోవడంలో వ్యక్తమవుతుంది.

తనకు వచ్చిన కీర్తిని రామారావు తన ఒక్కని సొత్తుగా భావించలేదు. 1922-23 ప్రాంతంలో రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను నెలకొల్పి యువకులకు చిత్రలేఖనం బోధించసాగాడు. బొంబాయికి పోగల స్తోమత లేని పిల్లలకు బొంబాయి విద్యను స్వగ్రామం ముంగిట్లోకి తేవాలన్నది ఆయన సంకల్పం. గురువుకూ శిష్యులకూ వయసులో పెద్ద అంతరం లేదు. అందరూ కలిసి నదీతీరానికి, పల్లెలకు వెళ్లి ప్రకృతిని ఎదుట ఉంచుకొని చిత్రించేవారు. ఇతరుల చిత్రాలకు నకళ్లు వ్రాయడం కాక, కన్నులతో చూసి చేతితో గీయడం ఆ పాఠశాలకు మూలసూత్రం.

ఈ కళాయజ్ఞం ఇంటిలోనే ఆరంభమైంది. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇరువురూ చిత్రకళను అభ్యసించారు. ఆడపిల్లలు బడికి వెళ్లడమే అరుదైన ఆ రోజులలో, స్త్రీలు రంగులూ కుంచె చేపట్టి చిత్రకారిణులుగా గుర్తింపు పొందడం సాహసమే. స్త్రీ సౌందర్యాన్ని చిత్రించడంతో తృప్తిపడక, స్త్రీ చేతికి కుంచెను అందించిన రామారావు సంస్కారం ప్రశంసనీయం. వీరేశలింగం పంతులు నడయాడిన నేలపై ఇది సహజమైన ఫలమనిపిస్తుంది.

1924 ఏప్రిల్ 23వ తేదీన లండను నగర సమీపంలోని వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన ప్రారంభమైంది. సామ్రాజ్యంలోని దేశాలన్నీ తమ తమ ఉత్పత్తులనూ, కళాఖండాలనూ అక్కడ ప్రదర్శించాయి. రెండు సంవత్సరాలలో దానిని దర్శించినవారు దాదాపు 2 కోట్ల 70 లక్షలమంది. ఆ మహాప్రదర్శనలో రామారావు కళకు కూడా స్థానం లభించింది. గోదావరి గట్టున పుట్టిన రేఖ థేమ్స్ నది ఒడ్డున ఉన్న మహానగరం వరకు ప్రయాణించింది.

సరిగ్గా అదే సమయంలో రాజమహేంద్రవరానికి ఎగువనున్న తూర్పు కనుమలు అట్టుడికిపోతున్నాయి. అటవీ చట్టాలతో, వెట్టిచాకిరీతో విసిగిన గిరిజనులకు నాయకత్వం వహించి, అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో రంప తిరుగుబాటును ప్రారంభించాడు. వెంబ్లీ ప్రదర్శన ద్వారాలు తెరచిన రెండు వారాలకు, 1924 మే 7వ తేదీన ఆయన బ్రిటిష్ సైనికుల తుపాకీ గుండ్లకు బలి అయ్యాడు. సామ్రాజ్య వైభవాన్ని చాటే వేదికపై గోదావరి సీమకు చెందిన ఒక యువకుని చిత్రం. ఆ సామ్రాజ్యంపై పోరాడిన మరొక యువకుని సమాధి ఆ సీమ కొండలలో. ఇద్దరూ 1897లో పుట్టినవారే. ఇద్దరి మార్గాలూ వేరు. తమ జాతికి ఒక వ్యక్తిత్వం ఉన్నదని లోకానికి తెలియడానికి ఇద్దరి కృషీ తోడ్పడింది.

కీర్తి శిఖరానికి చేరుతున్న వేళ విధి వక్రించింది. రామారావుకు మశూచి సోకింది. ఆనాడు మశూచి భయంకరమైన అంటువ్యాధి. 1796లోనే ఎడ్వర్డ్ జెన్నర్ దానికి టీకాను కనుగొన్నప్పటికీ, అది అందరికీ అందని దశలో ఆ వ్యాధి ఏటేటా వేలాది ప్రాణాలను బలిగొనేది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావు కన్నుమూశాడు. ఇరవై ఎనిమిదవ పుట్టినరోజుకు ఇంకా ఒక నెల మిగిలి ఉన్నది. ఆ వ్యాధిని ప్రపంచం నుండి పూర్తిగా నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. కాని ఆ విజయం రామారావు వంటి ఎందరో ప్రతిభావంతులను కోల్పోయిన తరువాత మానవజాతికి దక్కినది.

చిన్న వయసులో చిత్రకారుడు మరణించినప్పుడు సాధారణంగా ఆయన చిత్రాలకు ఒకే గతి పడుతుంది. కుటుంబం ఇబ్బందులలో పడుతుంది. చిత్రాలు ఒక్కొక్కటిగా అమ్ముడుపోతాయి. లేదా వేలంలో ఎవరెవరి చేతులకో చేరి చెల్లాచెదరవుతాయి. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఏ చిత్రం ఏ ఇంటిలో ఉన్నదో చెప్పేవారు కూడా ఉండరు. ధనవంతుని హాలులోని గోడకు అది అలంకారంగా మిగలవచ్చును గాని, దాని నుండి నేర్చుకోవలసిన విద్యార్థికి అది కనిపించదు. రామారావు చిత్రాలకు ఆ గతి పట్టలేదు. ఆయన విడిచి వెళ్లిన తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, రేఖాచిత్రాలు, చిత్తుప్రతుల పుస్తకాలలో చాలా భాగం ఒకే చోట నిలిచాయి.

దీని వెనుక ఆప్తుల దీక్ష ఉన్నది. భర్తను కోల్పోయిన సత్యవాణి, అన్నను కోల్పోయిన బుచ్చికృష్ణమ్మ ఆ చిత్రాలను సంపదగా గాక బాధ్యతగా భావించారు. రామారావు మిత్రుడైన వరదా వెంకటరత్నం స్వయంగా సమర్థుడైన చిత్రకారుడు. తన కీర్తిని తాను చూసుకొనే అవకాశం ఉన్నప్పటికీ, మిత్రుడు ఆరంభించిన పాఠశాల మూతపడకుండా కాపాడడమే తన ధ్యేయంగా పెట్టుకొన్నాడు. ఆయన శ్రమ ఫలితంగా రామారావు స్మారక చిత్రకళాశాల, చిత్రశాల రాజమహేంద్రవరంలో నిలదొక్కుకొన్నాయి. 1963లో మరణించేవరకు వెంకటరత్నం ఆ కార్యానికే అంకితమైనాడు. ఆ పాఠశాల నుండి వెలువడిన విద్యార్థులు తెలుగు జిల్లాలలో చిత్రకళా ఉపాధ్యాయులుగా, చిత్రకారులుగా స్థిరపడి ఆ విద్యను విస్తరింపజేశారు. స్నేహితుని పేరు నిలపడం కోసం తన పేరును వెనుకకు నెట్టుకొన్న వెంకటరత్నం త్యాగం రామారావు ప్రతిభతో సమానంగా స్మరింపదగినది.

నేడు రాజమహేంద్రవరం వెళ్లినవారు దామెర్ల రామారావు చిత్రశాలలో ఆయన చిత్రాలను చూడవచ్చు. కలకత్తాలో పరీక్షకులను మెప్పించిన రేఖను, వంద సంవత్సరాల తరువాత ఒక సామాన్య విద్యార్థి దగ్గరగా నిలబడి పరిశీలించవచ్చు. రంగులు కాలక్రమాన వన్నె తగ్గడం సహజం. కాగితమూ, కాన్వాసూ శాశ్వతాలు కావు. గోదావరి సమీపాన గాలిలో తేమ అధికం. చిత్రాలకు తేమ, వెలుతురు, పురుగు మూడూ శత్రువులే. కాబట్టి వాటిని కాపాడడం ఒక తరంతో ముగిసే పని కాదు. రామారావు వారసత్వం తరువాతి తరాల శ్రద్ధపైన ఆధారపడి ఉన్నది.

రామారావు జీవితాన్ని సంవత్సరాలతో కొలిస్తే అది చాలా చిన్నది. విద్యాభ్యాసం ముగిసిన తరువాత ఆయనకు మిగిలినది అయిదేండ్లు మాత్రమే. ఆ అయిదేండ్లలో దేశమంతటి గుర్తింపు, విదేశీ ప్రదర్శనలో స్థానం, ఒక పాఠశాల, ఒక శైలి ఆయన వలన తెలుగువారికి సమకూరాయి. ఏ కళాకారునికైనా తన కృతి పెద్దల సభలో ఎంపిక కావడం సంతోషదాయకం. అయితే ఆ ఎంపికతో కళాకారుని కర్తవ్యం పూర్తి కాదు. పొందిన గుర్తింపును తన ఊరి పిల్లల చేతిలో కుంచెగా మార్చినప్పుడే అది సార్థకమవుతుంది. పాపికొండలను దాటిన గోదావరి తన నీటిని తానే దాచుకోక పాయలుగా చీలి పొలాలకు పంచినట్లు, దామెర్ల రామారావు తాను ఆర్జించిన విద్యనూ కీర్తినీ తన నేలకు పంచి వెళ్లాడు. తెలుగువారి చిత్రకళ ఉన్నంతకాలం ఆయన పేరు చిరస్మరణీయమై నిలుస్తుంది.